మళ్ళీ చూసి రాయకు

బర్కత్‌పుర,
హైదరాబాద్.

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు చూసిన సినిమాల మీద రాసిన పుస్తకం, నీ స్పైరల్ బైండింగ్, అంది మూడు వారాలు దాటింది. జవాబు ఆలస్యం కావడానికి ఒక కారణం కంటి ఆపరేషన్, ఇంకోటి కోపం. కన్ను పది రోజుల్లో తేరుకుంది. కోపానికి ఇంకో పది రోజులు పట్టింది, ఇప్పటికీ పూర్తిగా పోయిందని చెప్పలేను.

కోపం పుస్తకం మీద కాదు, దానికి పిన్ను కొట్టి పంపిన ఉత్తరం మీద. రెండో పేరాలో ఇలా రాశావు: "ఒక్క తప్పు కూడా దొర్లకూడదని, రాసే ముందు ఇరవై మూడు సినిమాలూ మళ్ళీ చూశాను సార్. కొన్నింటిని ఫోన్లో ఆపి ఆపి నోట్స్ రాసుకున్నాను." ఈ ముక్క మా ఆవిడని పిలిచి వినిపించాను. "పాపం, ఎంత కష్టపడిందో" అంది. కష్టపడి చెడగొట్టుకుంది అన్నాను. ఆ రోజు మా ఇంట్లో మధ్యాహ్నం దాకా ఇదే గొడవ.

వాక్యం శుభ్రంగా రాస్తావు. ఆ మాట ఇక్కడితో సరి.

కానీ "ఈ సినిమా నా జీవితాన్ని మలుపు తిప్పింది" అని పదకొండు చోట్ల ఉంది. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ లెక్కపెట్టాను. పదకొండు మలుపులు తిరిగిన మనిషి బయల్దేరిన వీధికే వచ్చి ఉంటుంది. అసలు ఏ సినిమా గురించి చదివినా నాకు సినిమాయే కనిపించింది, నువ్వు కనిపించలేదు. కెమెరా ఎక్కడ పెట్టారో రాశావు. నువ్వెక్కడ కూర్చున్నావో రాయలేదు. టికెట్ ఎవరు తీశారు, ఎవరికి చెప్పకుండా వెళ్ళావు, పక్క సీటాయన ఏం నములుతున్నాడు? ఇవేవీ గుర్తులేక కాదు. మళ్ళీ చూసేసరికి గుర్తున్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. పాత క్యాసెట్ మీద కొత్త పాటలు ఎక్కించుకున్నట్టు.

నా సంగతి ఒకటి చెప్తాను, ఓపిగ్గా విను. మాది జనగామ దగ్గర పల్లె. 1976లో నాకు పద్నాలుగేళ్ళు. చిన్నాయనతో సైకిల్ మీద టౌనుకి వెళ్ళి సెకండ్ షో చూశాను. అన్నదమ్ముల సినిమా, పేరెందుకులే. ఇద్దరూ ఆస్తి కోసం కొట్టుకుంటారు. తమ్ముడు అన్న చొక్కా పట్టుకుని గుంజుతాడు, గుండీలు తెగి వాకిట్లో పడతాయి. అంతే, వెంటనే తర్వాతి దృశ్యంలో ఇద్దరూ పక్కపక్కన పీట మీద కూర్చుని అన్నం తింటుంటారు. వదిన మజ్జిగ పోస్తుంది. ఎవరూ క్షమాపణ చెప్పరు, ఎవరూ ఏడవరు. నాకు ఒళ్ళు జలదరించింది. మా బాపూ మా పెదబాపూ అచ్చం అంతే. పొలం గట్టు మీద కొట్టుకుని, సాయంత్రానికి ఒకే చుట్ట పంచుకునేవాళ్ళు. మా ఇంటి సంగతి తెరమీదికి ఎలా వచ్చిందా అని ఆరు మైళ్ళ దారి పొడుగునా సైకిల్ వెనక కూర్చుని ఆలోచించాను. సినిమాల్లోకి వెళ్ళాలన్న పురుగు ఆ రాత్రే దూరింది.

తర్వాత హైదరాబాద్ వచ్చాను. చిక్కడపల్లిలో గది. పొద్దున సెంట్రల్ లైబ్రరీ, సాయంత్రం సినిమా హాళ్ళుండే ఆర్టీసీ క్రాస్ రోడ్స్. అప్పటికి తెలుగు ఇండస్ట్రీ సగానికి సగం మద్రాసులోనే ఉంది. ఇక్కడ సారథి స్టూడియోలోనో అన్నపూర్ణలోనో షూటింగ్ పడితే మాలాంటివాళ్ళకి పని. అట్లా ఒక డైరెక్టర్ దగ్గర ఆరో అసిస్టెంట్‌గా చేరాను. ఆరో అసిస్టెంట్ అంటే క్లాప్ బోర్డు కూడా చేతికి రాదు, టిఫిన్ లెక్క వస్తుంది. ఒకరోజు ధైర్యం చేసి ఆయనకి ఈ గుండీల దృశ్యం, పీటల దృశ్యం చెప్పాను. ఆయన ఇడ్లీ తింటూ ఆగిపోయారు. "ఎవడయ్యా ఎడిటర్? అంత కట్ కొట్టడానికి గుండె కావాలి" అన్నారు. ఆ రోజు నుంచి నేను నాలుగో అసిస్టెంట్‌ని.

ఒకటి రెండేళ్ళు గడిచాక ఆ సినిమా దూరదర్శన్‌లో వచ్చింది. మా ఓనర్ ఇంట్లో నేల మీద కూర్చుని చూశాను. గుండీలు తెగాయి. తర్వాత పీటలు రాలేదు. తమ్ముడు గుళ్ళోకి వెళ్ళాడు. గంట కొట్టాడు. ఏడ్చాడు. అన్న వచ్చి స్తంభం చాటున నిలబడి తనూ ఏడ్చాడు. తల్లి ఫోటో చూపించారు. ఫ్లాష్‌బ్యాక్. మళ్ళీ ఏడుపు. ఇద్దరూ కావలించుకున్నారు. పదకొండు నిమిషాలు! ఆ తర్వాత పీటలు, మజ్జిగ.

పదకొండు నిమిషాలు అనగానే అర్థమైపోయింది. వెయ్యి అడుగుల రీలు తెర మీద నడిచేది సరిగ్గా అంతసేపే. అప్పటి సినిమాలు పదహారు, పదిహేడు రీళ్ళు ఉండేవి. సెకండ్ షో ఒంటిగంట దాటిపోతుంటే చిన్న ఊళ్ళో ప్రొజెక్టర్ ఆపరేటర్ ఒక రీలు లేపేసేవాడు. ఏ రీలు లేపేస్తే జనం గోల చెయ్యరో వాళ్ళకి బాగా తెలుసు. పాటున్న రీలు ముట్టుకోరు, ఫైటున్న రీలు ముట్టుకోరు. ఏడుపున్న రీలే పోతుంది. నన్ను సినిమాల్లోకి లాగిన ఆ గొప్ప కట్ ఏ ఎడిటర్‌దీ కాదు. నిద్రకి ఆగలేక త్వరగా ఇంటికి పోవాలనుకున్న ఒక ఆపరేటర్‌ది. ప్రొజెక్టర్లో మండే బొగ్గు కడ్డీల వెలుగులో చెమటలు కక్కుతూ పనిచేసే మనిషి, పేరు కూడా తెలియదు. నా గురువు ఆయనే. నువ్వు ఉత్తరంలో నన్ను "గురువుగారూ" అన్నావు చూడు, అందుకే నాకు ఇబ్బందిగా ఉంది.

ఇప్పుడు చెప్పు. ఆ సినిమా గురించి రాయాలంటే నేను ఏ సినిమా గురించి రాయాలి? ఫోన్లో దొరికేదాని గురించా? అది నన్నేమీ చెయ్యలేదు. పదిమంది ఏడ్చే సినిమాల్లో అదొకటి, అంతే. నన్ను మలిచింది ఆ రాత్రి ఆ హాల్లో మాత్రమే ఆడింది. దాని ప్రింట్ ఇంకెక్కడా లేదు, ఒక్క నా తలకాయలో తప్ప.

ఇదంతా 1998లో ఒక వారపత్రికకి వ్యాసంగా రాసి పంపాను. పత్రిక పేరు రాయను, ఇప్పుడది లేదు కూడా. అచ్చయిన రోజు స్టాల్ దగ్గరే నిలబడి చదివాను. ఎడిటర్‌గారు నా వ్యాసంలో కూడా ఆ రీలు అతికించారు! గుడి, గంట, స్తంభం, తల్లి ఫోటో అన్నీ వచ్చేశాయి. ఫోన్ చేస్తే, "మీ జ్ఞాపకంలో పొరపాటు ఉందండీ, మేం క్యాసెట్ తెప్పించి సరిచూశాం" అన్నారు. వ్యాసం అంతా ఆ పొరపాటు గురించేనండీ అన్నాను. "పాఠకులు ఉత్తరాలు రాస్తారండీ" అన్నారు. పాతికేళ్ళు దాటింది, నాకింకా మంటగానే ఉంది. ఇప్పటివాళ్ళు అంతకన్నా ఘనులు. ఆదివారం అనుబంధం నుంచి ఒకబ్బాయి ఫోన్ చేసి "సార్, మిమ్మల్ని ప్రభావితం చేసిన టాప్ టెన్, ఒక్కోదానికి నలభై మాటలు" అంటాడు. నలభై మాటల్లో నేను హాలు గేటు దాకా కూడా చేరను.

నువ్వు ఆ టాప్ టెన్ వాళ్ళ కోసం రాసినట్టుంది. పుస్తకం మొదట్లో 'మాయాబజార్' మీద తొమ్మిది పేజీలు. కెమెరామన్ మార్కస్ బార్ట్లీ తీసిన వెన్నెల గురించి నీకన్నా ముందు వందమంది రాశారు, నేనూ రాశాను, సిగ్గుపడుతున్నాను. 1957 నాటి హాల్లో ముందు వరసలో కూర్చున్నదానిలా రాశావు. నువ్వు మొదట చూసింది టీవీలో అయి ఉంటుంది, మధ్యాహ్నం పూట, నడుమ సబ్బుల ప్రకటనలతో. లేదా 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు చూసి ఉంటావు. ఆ రంగుల ప్రింట్ మీద మా తరంవాళ్ళం ఎన్ని తిట్లు తిట్టుకున్నామో నీకు తెలియదు. కానీ నీకు ఆ వెన్నెల రంగులోనే గుర్తుంటే రంగులోనే రాయి. మాకు నచ్చదని నలుపు తెలుపుల్లోకి మార్చకు. అది మా వెన్నెల, నీది కాదు. ఒక సంగతి మాత్రం ఆ సినిమా నుంచి తీసుకో. దాని డైరెక్టర్ కె.వి.రెడ్డిగారు రిహార్సల్స్‌లోనే స్టాప్‌వాచ్ పట్టుకుని ఏ సీన్ ఎంత నిడివో లెక్క తేల్చుకునేవారు. నీ తొమ్మిది పేజీలు గట్టిగా చదువుతూ గడియారం పెట్టి చూశాను. ఇరవై ఏడు నిమిషాలు. కాఫీ చల్లారిపోయింది.

'శివ' మీద రాసింది ఇంకా అన్యాయం. 1989 అక్టోబర్‌కి నువ్వు పుట్టనే లేదు. నడుస్తూ తీసినా కుదుపు రానివ్వని స్టెడీక్యామ్ గురించి రాశావు, నిజమే, వాడారు. అయితే ఆ వారం ఇక్కడ ఏం జరిగిందో నన్నడుగు. నాకు ఇరవై ఏడేళ్ళు, బుద్ధి వచ్చి ఉండాలి. సినిమా చూసి వచ్చి, గది ముందు చీకట్లో ఆ హీరోలాగే నా సైకిల్ చైన్ పట్టుకుని లాగాను. రాలేదు. కాలు ఆనించి లాగాను. మోచేతిదాకా గ్రీజు, రెండు వేళ్ళు చీరుకుపోయాయి. పొద్దున రిపేర్ షాపుకి వెళితే అతను నా చేతులు చూసి "నువ్వు కూడానా అన్నా? పొద్దటినుంచి నాలుగోవాడివి" అన్నాడు. నాకు 'శివ' అంటే ఆ గ్రీజు వాసన. నీకేమిటి? నీకేమీ కాకపోతే ఆ అధ్యాయం తీసెయ్, వర్మగారు ఏమీ అనుకోరు.

విదేశీ సినిమాల భాగం గురించి ప్రత్యేకంగా అడిగావు. పదహారేళ్ళకి ఒక రష్యన్ సినిమా చూసి "కాలం కరిగిపోయింది" అని రాశావు. నిజం చెప్పు, నిద్రపోలేదూ? నేను పోయాను. సారథి స్టూడియో ప్రివ్యూ థియేటర్లో హైదరాబాద్ ఫిలిం క్లబ్ వాళ్ళ షోలకి వెళ్ళేవాణ్ణి. 1974లో పెట్టిన క్లబ్ అది, మాలాంటి వాళ్ళకి ఎంతో మేలు చేసింది. చల్లగా ఉండేది, కుర్చీ మెత్తగా ఉండేది, నేను పొద్దున్నే పెరుగన్నం తిని వచ్చినవాణ్ణి. 1986లో ఫిలిమోత్సవ్ అనే చలనచిత్రోత్సవం మన ఊళ్ళో జరిగినప్పుడు రోజుకి నాలుగు సినిమాలు చూశానని చెప్పుకుని తిరిగాను. చూసింది రెండున్నర. బయటికి వచ్చాక అందరూ గడ్డాలు నిమురుకుంటూ "అద్భుతం" అంటే నేనూ అన్నాను. ఇరవై ఏళ్ళు అంటూనే ఉన్నాను. మెలకువ వచ్చినప్పుడు తెర మీద ఒక గుర్రం కనిపించింది. ఆ గుర్రం మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందుంది, సినిమా పేరు చెప్పమంటే చెప్పలేను. నీ పుస్తకంలో ఆ గుర్రం లాంటివి ఉంటే ఉంచు. "కరిగిపోయిన కాలం" తీసెయ్.

అలాగని ఇంకో గోతిలో పడకు. ఇప్పుడొక ఫ్యాషన్ వచ్చింది. ఇంటర్వెల్ సమోసా, గోల్డ్ స్పాట్, పాటల పుస్తకం వెనక "శేషం వెండితెరపై", నేల టికెట్, చిరిగిన కాగితాలు ఎగరెయ్యడం. ఇవన్నీ వరసగా పేర్చి "ఆ రోజులే వేరు" అంటే వెయ్యి లైకులు. హైదరాబాద్ మీద రాసే ప్రతివాడూ ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుతాడు. సమోసా ఎందుకు గుర్తుందో చెప్పగలిగితే రాయి. ఆ రోజు సమోసాకి డబ్బుల్లేక ఇంటర్వెల్లో బాత్రూమ్‌లో నిలబడ్డావనుకో, అప్పుడు రాయి.

ఇక అరవై ఒకటో పేజీ.

ఆ పేజీ లేకపోతే నేనీ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఫోన్ చేసి "బాగుందమ్మా" అని పెట్టేసేవాణ్ణి. ఒక ఫ్రెంచ్ సినిమా మీద పేరా, దాని కింద మూడు వాక్యాలు: "సెలవుల్లో నాన్నకి క్యారేజీ తీసుకెళ్ళేదాన్ని. నాన్న క్రాస్ రోడ్స్‌లో ఒక థియేటర్ బండ్ల స్టాండులో చేసేవాడు. సినిమా ఎలా ఉందో ఆయనకి బండ్లు తీసే తీరును బట్టే తెలిసిపోయేది." మళ్ళీ వెంటనే ఫ్రాన్స్ వెళ్ళిపోయావు!

ఎందుకు వెళ్ళావమ్మా? సిగ్గా? లేక అది సినిమా గురించి కాదనుకున్నావా?

ఆ మూడు వాక్యాలు చదివి లేచి బాల్కనీలోకి వెళ్ళాను. ముప్పై ఏళ్ళు ఆ క్రాస్ రోడ్స్ చుట్టూ తిరిగాను, స్టాండులో చీటీ చింపి సగం బండికి దోపి సగం నా చేతిలో పెట్టిన మనిషి మొహం ఒక్కటంటే ఒక్కటి గుర్తులేదు. నా సినిమా విడుదలైన రోజు కూడా అక్కడే బండి పెట్టాను. తొమ్మిది రోజులు ఆడింది. దాంట్లో నేను ఆ ఆపరేటర్ కట్ పెట్టాను, గొడవ తర్వాత నేరుగా భోజనం. ప్రొడ్యూసర్ చూసి "మధ్యలో ఏదో మిస్సయింది" అన్నాడు. మిస్సవడమేనండీ సీన్ అన్నాను. వినలేదు. నాలుగు నిమిషాల ఏడుపు తీసి అతికించాల్సి వచ్చింది. ఆ నాలుగు నిమిషాలూ తెర మీద నడుస్తుంటే నేను బయటికి వచ్చి స్టాండు దగ్గర నిలబడ్డాను. అప్పటికే కిక్కులు కొడుతున్నారు. అది నేను విన్నాను. దాని అర్థం తెలిసిన మనిషి నా పక్కనే నిలబడి ఉన్నాడు, ఆయన్ని అడగాలని తోచలేదు.

మా ట్రేడ్‌లో పొద్దున్నే డీసీఆర్ అని వస్తుంది, ఏ ఆటకి ఎంత వసూలైందో లెక్క. ఆ కాగితం కోసం ప్రొడ్యూసర్లు రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోరు. మీ నాన్నగారికి ఆ సంగతి ఫస్ట్ షో వదిలినప్పుడే తెలుసు. ఎట్లా తెలుసు? సినిమా నచ్చినవాళ్ళు తాళంచెవి చేతిలో పట్టుకుని బండికి ఆనుకుని కబుర్లు చెప్తారా? నచ్చనివాళ్ళు చీటీ వెతుక్కుంటూ విసుక్కుంటారా? ఆడవాళ్ళు ఏడ్చి వచ్చిన రోజు ఆలస్యంగా వస్తారా, త్వరగా వస్తారా? నువ్వు క్యారేజీ పట్టుకుని నిలబడ్డ చోటికి లోపలి శబ్దం ఎంతవరకు వినపడేది? డైలాగా, ఒట్టి డప్పులా? నేను చిన్నప్పుడు రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం, అంటే సినిమా మాటలూ పాటలూ కుదించి వినిపించేది, విని, చూడని సినిమాకి మొహాలు గీసుకునేవాణ్ణి. నువ్వు గోడ అవతలి నుంచి విన్న సినిమాలు ఎన్ని? తర్వాత లోపలికి వెళ్ళి చూస్తే అవి అట్లాగే ఉన్నాయా? పుస్తకమంతా ఈ స్టాండులోంచి చూసి రాయొచ్చు. ఇరవై మూడు సినిమాల్లో ఇరవై పోనీ. మూడు మిగిలితే చాలు, ఆ మూడు కూడా నువ్వు సగమే విన్నవయితే మరీ మంచిది.

ఆయనతో మాట్లాడేటప్పుడు ఫోన్లో రికార్డ్ చెయ్యకు. రికార్డర్ చూడగానే మనుషులు ఇంటర్వ్యూ ఇవ్వడం మొదలుపెడతారు. క్యారేజీ కట్టుకుని వెళ్ళి పక్కన కూర్చో. ఇంటికి వచ్చాక గుర్తున్నదే రాయి. గుర్తులేనిది పోతే పోనీ.

ముందుమాట రాయమన్నావు. రాయను. తెలుగు పుస్తకాల్లో మొదటి ముప్పై పేజీలు పెద్దవాళ్ళు ఆశీర్వదించడానికే సరిపోతున్నాయి, పాఠకుడు రచయితని చేరేసరికి అలిసిపోతున్నాడు. పబ్లిషర్ల గురించి కూడా అడిగావు. ఆ సంగతి మొదలుపెడితే బీపీ మాత్ర వేసుకోవాలి, డాక్టర్ వద్దన్నాడు. ఇంకేవో రెండు ప్రశ్నలు అడిగినట్టు గుర్తు, నీ ఉత్తరం మా మనవడు ఎక్కడో పెట్టాడు.

మళ్ళీ రాసినప్పుడు ప్రింట్ తీసి పంపు, అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యి. ఇంటికే తెస్తానంటే సాయంత్రం నాలుగు తర్వాత రా.

ఆశీస్సులతో...

తా.క. ఒక్క సంగతి నా తరఫున మీ నాన్నగారిని తప్పకుండా అడుగు. సెకండ్ షోలో ఆపరేటర్ రీలు లేపేసిన రాత్రి జనం పదకొండు నిమిషాలు ముందే బయటికి వచ్చి ఉంటారు కదా. లోపల కూర్చున్న మాకెవరికీ తెలియలేదు. స్టాండులో ఉన్న ఆయనకి తెలిసేదా?